మోకాలి ఆపరేషన్ సక్సెస్ అన్నారు, మరి ఈ నొప్పి ఎందుకు?

కోనసీమలో ఏ ఊరికి వెళ్లినా మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వాళ్లని కదిపితే వినపడే మాటలు మాత్రం ఒకలా ఉండవు. ఒకావిడ మూడు నెలలకే వాడపల్లి వెంకన్న గుడిలో ఏడు ప్రదక్షిణలు చేసి వచ్చానంటుంది. పక్క వీధావిడ ఏడాది దాటినా రాత్రిళ్లు కాలు లాగుతోందని, అనవసరంగా చేయించుకున్నానని వాపోతుంది. ఇద్దరి ఎక్స్‌రేలూ చూసి డాక్టరుగారు బాగున్నాయనే చెప్పి ఉంటారు. ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్లు ఈ రెండు కథలూ విని ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. దానికితోడు 2027లో గోదావరి పుష్కరాలు. "ఆ లోపు చేయించేసుకుంటే రేవులో మెట్లు దిగొచ్చు" అనే లెక్కలు మొదలయ్యాయి.

రెండు కథలూ నిజమే. నాకు అర్థమైనంతలో, ఆ రెండో కథ వెనక చాలాసార్లు ఉండేది ఆపరేషన్‌లో లోపం కాదు. ముందుగా ఎవరూ కూర్చోబెట్టి విప్పి చెప్పని సంగతులు. అవేమిటో మొదటి నుంచీ చూద్దాం.

అసలు మార్చేది ఎంత

మోకాలు తొడ ఎముక, దాని కింద కాలి ఎముక, ముందు చిప్ప కలిసే చోటు. ఎముకల చివర్ల మీద నున్నటి పొర ఒకటి ఉంటుంది. మనవాళ్లు గుజ్జు అనేది దాన్నే. అది అరిగిపోతే ఎముకకి ఎముక ఒరుసుకుని నొప్పి, వాపు, కొందరికి దొడ్డికాళ్లు వస్తాయి.

ఆపరేషన్‌లో మోకాలు మొత్తం తీసేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి తీసేది అరిగిన చివర్లనే, దాదాపు ఒక సెంటీమీటరు మందాన. తొడ ఎముకకి లోహపు తొడుగు వేస్తారు. ఎక్కువగా అది కోబాల్ట్-క్రోమియం. కాలి ఎముక మీద ఒక లోహపు పలక బిగించి, రెంటి మధ్యా గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. "చిప్పలు మార్చారు" అంటాం గానీ చిప్ప ఎవరిది వాళ్లకే ఉంటుంది. కొందరికి మాత్రం దాని వెనక ప్లాస్టిక్ పొర అమరుస్తారు.

కండలు, నరాలు, చర్మం, పక్క బంధనాలు అన్నీ పాతవే. ఏళ్ల తరబడి కుంటుతూ నడిచిన కాలిలో ఆ కండలు అప్పటికే నీరసించి ఉంటాయి. లోహం బిగించడం గంట, గంటన్నరలో అయిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి కోలుకోవాల్సింది దాని చుట్టూ ఉన్న మన సొంత శరీరం. కోలుకోవడం గురించి వచ్చే అపార్థాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

డాక్టరు లెక్క వేరు, పేషెంటు లెక్క వేరు

సర్జన్ దృష్టిలో సక్సెస్ అంటే కాలు నిటారుగా రావడం, ఇంప్లాంట్ (లోపల బిగించిన లోహం, ప్లాస్టిక్ భాగాలు) సరైన కోణంలో కూర్చోవడం, ఇన్ఫెక్షన్ లేకపోవడం, మోకాలు తగినంత వంగడం. ఇవన్నీ కొలిచి చెప్పగలిగినవి. పేషెంటు లెక్కలో సక్సెస్ అంటే రాత్రి నిద్ర పట్టడం, సఖినేటిపల్లి దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లిరాగలగడం, పూజలో పీట మీద కూర్చోవడం, మనవడిని ఎత్తుకోవడం. మొదటి లెక్కలో నూటికి నూరు వచ్చి, రెండో లెక్కలో యాభయ్యే రావచ్చు.

ఈ తేడాని కొలిచినవాళ్లున్నారు. కెనడాలోని ఒంటారియోలో మోకాలు మార్పించుకున్న సుమారు 1,700 మందిని అడిగి 2010లో ఒక అధ్యయనం వెలువరించారు. వారిలో 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు. ఆ అసంతృప్తితో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి కనిపించిన కారణం, ఆపరేషన్ ముందు పెట్టుకున్న ఆశ నెరవేరకపోవడం. ఆశ నెరవేరనివాళ్లలో అసంతృప్తి పది రెట్లు ఎక్కువ. "అయిదుగురిలో ఒకరికి తృప్తి ఉండదు" అన్న మాట ఇలాంటి అధ్యయనాల నుంచే పుట్టింది.

దీన్ని కొందరు సర్జన్లు ఒప్పుకోరు. ఆ సంఖ్య పాతదని, ఈ మధ్య వచ్చిన పరిశీలనలన్నీ కలిపి చూస్తే 10 శాతం దగ్గరకి వచ్చిందని అంటారు. ఆ మాటలో బలం ఉంది. అయితే అడిగే ప్రశ్నని బట్టి కూడా జవాబు మారుతుంది. "నొప్పి తగ్గిందా" అంటే ఎక్కువమంది తగ్గిందనే చెబుతారు. "మీరు అనుకున్న పనులన్నీ చేసుకుంటున్నారా" అంటే కాసేపు ఆలోచిస్తారు. పైగా ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం కుర్చీల మీద కూర్చుని, మంచాల మీద పడుకుని, కమోడ్ వాడే దేశాల్లో చేసినవి. మన ఇళ్లలో మోకాలికి పడే పని వేరు.

కింద కూర్చోవడం గురించి నిజాయితీ లెక్క

మోకాలు ఎంత వంగుతుందో డిగ్రీల్లో కొలుస్తారు. కాలు పూర్తిగా చాపితే సున్నా. కుర్చీలో పాదం నేలకి ఆనించి మామూలుగా కూర్చుంటే సుమారు 90. చదును నేల మీద నడవడానికి 60, 65 చాలు. మెట్లెక్కడానికి, దిగడానికి 85 నుంచి 95 దాకా కావాలి. కాస్త ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవాలంటే 100 దాటాలి. బాసింపట్టు వేసుకోవడానికి 120 పైన, గొంతుక్కూర్చోవడానికి 130 పైన, వజ్రాసనానికి 150 దాకా.

మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 దాకా వంగుతుంది. అంటే నడక, మెట్లు, కుర్చీ, ఆటో, ఆర్టీసీ బస్సు ఇవన్నీ హాయిగా ఈ లెక్కలో ఇమిడిపోతాయి. నేల మీది పనుల దగ్గరే చిక్కంతా.

ఒక ఉదాహరణ అనుకుందాం. నరసాపురం వైపు లేసు అల్లే అరవై నాలుగేళ్ల ఆవిడ. చిన్నప్పటి నుంచీ అరుగు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, ఒళ్లో దారపు ఉండ పెట్టుకుని అల్లిన చేయి. ఆపరేషన్‌కి ముందు ఆవిడ మోకాలు 95 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. ఆపరేషన్ తర్వాత 110 వచ్చింది. సర్జన్ లెక్కలో పదిహేను డిగ్రీల లాభం, కాలు తిన్నగా అయింది, నొప్పి పోయింది. ఆవిడ మాత్రం మళ్లీ అరుగు మీద కూర్చుని అల్లుకోవడానికే చేయించుకుంది. దానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు కావాలి. అవి రావు. ఆ సంగతి ముందే తెలిస్తే ఎత్తుపాటి కుర్చీలో కూర్చుని అల్లడం అలవాటు చేసుకునేది, ఆపరేషన్ మేలే చేసిందని చెప్పేది. తెలియకపోతే అదే ఫలితాన్ని పట్టుకుని మోసపోయానంటుంది.

ఇప్పుడు ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంకొకావిడ అనుకుందాం. పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని, బియ్యప్పిండి జాలులో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగుతుంది. ఆ క్షణంలోనే పల్చటి రేకు లేస్తుంది. పనంతా చేతులదే, కానీ కూర్చున్న చోటు నుంచి గంటల తరబడి కదలడానికి ఉండదు. ఆవిడ మోకాలు ఆపరేషన్ ముందే 125 దాకా వంగుతోంది. ఆ తర్వాత 120 రావచ్చు. అయిదు డిగ్రీలు తగ్గినా ఎత్తు పీట ఉంటే పని సాగిపోతుంది.

ఈ రెండు ఉదాహరణల్లో ఉన్నది ఒకే సూత్రం. ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందనేది అన్నిటికన్నా ఎక్కువగా అంతకుముందు ఎంత వంగేదన్న దాని మీద ఆధారపడుతుంది. బాగా బిగుసుకుపోయిన మోకాలికి కొంత కలిసొస్తుంది, బాగా వంగేదానికి కొంచెం తగ్గుతుంది.

ఎక్కువ వంగేలా తయారుచేశామని చెప్పే "హై ఫ్లెక్స్" ఇంప్లాంట్ల సంగతి? వాటిని మామూలు వాటితో పోల్చి చూసిన పరీక్షల్లో పేషెంటుకి తెలిసేంత తేడా కనిపించలేదు. కింద కూర్చునే అలవాటున్న దక్షిణ కొరియాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనం అలాంటి ఒక రకం ఇంప్లాంట్‌లో మూడో వంతుకి పైగా తొందరగా వదులైనట్టు, గొంతుక్కూర్చునే వాళ్లలో అది ఎక్కువైనట్టు చూపించింది. తర్వాత అదే దేశంలో వచ్చిన అధ్యయనాలు కొన్ని అంత ప్రమాదం లేదన్నాయి.

అందుకే డాక్టర్లలోనూ రెండు మాటలున్నాయి. మోకాలు సులువుగా వంగితే అప్పుడప్పుడు బాసింపట్టు వేసుకోవచ్చని కొందరంటారు. ప్లాస్టిక్ మీద బరువు ఒకే అంచున పడుతుందని, గొంతుక్కూర్చోవడం అసలే వద్దని ఇంకొందరంటారు. మోకాళ్ల మీద వంగి దణ్ణం పెట్టుకోవడం వల్ల ఇంప్లాంట్ పాడవుతుందనడానికి ఆధారాలు లేవు. మచ్చ మీద ఒత్తుకుని ఇబ్బందిగా ఉండటం, భయం, ఈ రెండూ కలిసి చాలామందిని ఆపుతాయి. పశ్చిమ దేశాలవాళ్లకి ఇదంతా చిన్న విషయం. పీట, పందిరి, పంక్తి భోజనం ఉన్న చోట అది మనిషి గౌరవానికి సంబంధించిన విషయం. ఆపరేషన్ ముందు మాట్లాడుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

మొదటి రోజు వీడియో, మూడో రోజు నొప్పి

ఆపరేషన్ అయిన రోజో మర్నాడో వాకర్‌తో నడిపిస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు సంబరంగా వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ వీడియో అబద్ధం కాదు. కానీ ఆ సమయానికి నరాలకి, మోకాలి చుట్టూ ఇచ్చిన మత్తు మందు ఇంకా పనిచేస్తూ ఉంటుంది. అది దిగాక, రెండు మూడు రోజుల్లో అసలు నొప్పి మొదలవుతుంది. "నిన్న బాగానే నడిచాను, ఇవాళ ఏదో తేడా కొట్టింది" అన్న టెన్షన్ అక్కడ పుడుతుంది.

ఆ తర్వాతి వారాలు కష్టమైనవి. కుట్లు రెండు వారాలకి అటూ ఇటూగా తీస్తారు. వాపు పాదం దాకా దిగుతుంది, పిక్క మీద చర్మం కమిలినట్టు నల్లబడుతుంది. మోకాలు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ఆ వేడి కొందరికి ఆరు నెలలదాకా ఉంటుంది. రాత్రి ఏ పక్కకి తిరిగినా నిద్ర పట్టదు. తొడ ముందు కండ బలం మొదటి నెలలో సగానికి పైగా పడిపోతుంది, కాలు నాది కాదన్నట్టు ఉంటుంది. ఎందుకు చేయించుకున్నానా అని కన్నీళ్లు పెట్టుకునేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. ఇంట్లోవాళ్లకి ఇది ముందే తెలిసి ఉంటే ఆ మనిషికి ఎంత ధైర్యమో.

ఈ దశలోనే మంచి మనసుతో ఒక పొరపాటు జరుగుతుంది. నొప్పిగా ఉందనగానే కూతురో కోడలో మోకాలి కింద మెత్తటి దిండు పెడుతుంది. వెంటనే హాయిగా ఉంటుంది, ఎందుకంటే కొద్దిగా వంచిన మోకాలిలో బిగువు తగ్గుతుంది. రాత్రంతా, వారాల తరబడి అలాగే ఉంటే మోకాలి వెనక కండలు ఆ వంపులోనే కుదించుకుపోతాయి. తర్వాత కాలు పూర్తిగా చాపడం రాదు. పూర్తిగా చాపలేని కాలితో నడిస్తే తొడ కండ ప్రతి అడుగుకీ అలసిపోతుంది, కుంటు మిగిలిపోతుంది. ఫిజియోథెరపిస్టులు దిండుని మడమ కింద పెట్టించేది ఇందుకే. అప్పుడు మోకాలు దాని బరువుకి అదే కిందికి దిగి నిటారవుతుంది. హాయిగా ఉండదు, కానీ పని అక్కడే జరుగుతుంది.

"పెద్ద ఆపరేషన్ అయింది, మూడు నెలలు మంచం దిగకు" అనే చుట్టాల ప్రేమ కూడా ఇలాంటిదే. మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు మోకాలి వంపు రాబట్టుకునే కాలం. అది దాటితే లోపల మచ్చ కట్టి గట్టిపడుతుంది. అలా బిగుసుకుపోయినవాళ్లకి మత్తిచ్చి మోకాలిని వంచాల్సి వస్తుంది. అది కూడా మూడు నెలల్లోపు చేస్తేనే బాగా ఫలిస్తుంది.

ఫిజియోథెరపీ ఎక్కడ చేయించుకోవాలన్న దాంట్లో రెండు వాదనలున్నాయి. అంతర్వేది నుంచో ఓడలరేవు నుంచో వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్లిరావడమంటే ఆటో ఖర్చుతో పాటు ఒళ్లు హూనం. చాలామందికి సరిగ్గా నేర్పిస్తే ఇంట్లో చేసే ఎక్సర్‌సైజులు కూడా అంతే ఫలితం ఇస్తున్నాయని పరీక్షల్లో తేలింది. అయితే నొప్పికి భయపడి ఆపేసేవాళ్లకి, వంపు రానివాళ్లకి, ఇంట్లో చూసే మనిషి లేనివాళ్లకి పక్కన ఒకరుండి చేయించడమే మేలన్న వాదనా సరైనదే.

మామూలుగా ఆరు వారాలకి చేతికర్రతోనో, అది లేకుండానో ఇంటి పనులు మొదలవుతాయి. మూడు నెలలకి ఎక్కువమంది "ఇప్పుడు బాగుంది" అనే మాటకి వస్తారు. బలం, నమ్మకం పెరగడం ఏడాది దాకా సాగుతూనే ఉంటుంది. పుష్కరాల లెక్క వేసుకునేవాళ్లకి ఇక్కడ ఒక సంగతి పనికొస్తుంది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం ఆలస్యంగా వస్తుంది. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా ఒక వంచిన మోకాలి మీద ఆపాలి, దానికి తొడ కండ కావాలి. పాచి పట్టిన తడి మెట్ల మీద జనం తోపులాటలో అది ఇంకా కష్టం. రెండు నెలల ముందు ఆపరేషన్ చేయించుకుని రేవులో దిగడం ఒకటి, ఏడాది ముందు చేయించుకుని దిగడం పూర్తిగా ఇంకొకటి.

మోకాలికి బయటి వైపు అరచేయంత మేర తిమ్మిరి ఉండటం మామూలే. కోతలో చర్మానికి వెళ్లే సన్నటి నరం తెగడం వల్ల వచ్చేది అది. నడుస్తుంటే టిక్ టిక్‌మనే చప్పుడు లోహం, ప్లాస్టిక్ తగిలే శబ్దం. ఇవి భయపడాల్సినవి కావు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం, గాయం నుంచి నీరు కారడం, జ్వరం, పిక్కలో నొప్పితో ఒక్కసారిగా వాపు, ఉన్నట్టుండి ఆయాసం మాత్రం వేరే కోవలోవి. వాటి వెనక ఇన్ఫెక్షనో, రక్తం గడ్డకట్టడమో ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి.

తక్కువ అరుగుదలకి తక్కువ లాభం

వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఎముకకి ఎముక తగిలేంత అరిగినవాళ్లే ఆపరేషన్ తర్వాత ఎక్కువ తృప్తి పడతారు. ఎక్స్‌రేలో అరుగుదల కొద్దిగా ఉండి నొప్పి మాత్రం బాగా ఉన్నవాళ్లలో నిరాశ ఎక్కువ.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే యాభై ఆరేళ్ల రైతు అనుకుందాం. చెరువు గట్ల మీద బండి, రాత్రిళ్లు ఏరియేటర్ల కాపలా. మోకాలు నొప్పంటున్నాడు, ఎక్స్‌రేలో అరుగుదల మధ్యరకంగా ఉంది. నొప్పి తొడ వెనక నుంచి పిక్క దాకా లాగుతోంది కూడా. అది నడుములో నరం నొక్కుకోవడం వల్ల కావచ్చు. తుంటి కీలు పాడైనా నొప్పి మోకాలిలో తెలియడం ఉంది. మోకాలు మార్చినంత మాత్రాన ఆ నొప్పి పోదు. తర్వాత "ఆపరేషన్ ఫెయిలయింది" అన్న పేరు మాత్రం మిగులుతుంది.

ఈ రైతు విషయంలో వయసు ఇంకో చిక్కు. బ్రిటన్ లెక్కల ఆధారంగా 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, డెబ్బై దాటాక మోకాలు మార్పించుకున్నవాళ్లలో జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేది 5 శాతం మందికే. యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో అది 35 శాతం దాకా ఉంది. అలాగని ఆలస్యం చేయడమే మంచిదనీ కాదు. మోకాలు బిగుసుకుపోయి, కండ కరిగిపోయాక చేయిస్తే పైన చెప్పిన డిగ్రీల లెక్కలో నష్టపోతారు.

రెండూ ఒకేసారా, రోబోనా

రెండు మోకాళ్లూ ఒకేసారి చేయిస్తే మత్తు ఒకసారే, ఆసుపత్రి ఖర్చు, తోడుండే మనిషి ఇబ్బంది ఒకసారే. రెండూ దొడ్డిగా ఉన్నప్పుడు ఒకటే సరిచేస్తే కాళ్ల ఎత్తులో తేడా వస్తుందన్న వాదనా ఉంది. మరోవైపు గుండె, ఊపిరితిత్తుల మీద భారం, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతాయి. పెద్ద వయసువాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి విడివిడిగా చేయాలనేవాళ్లే ఎక్కువ.

రోబో సాయంతో కోతలు, కోణాలు అనుకున్నదానికి మరింత దగ్గరగా వస్తాయి. ఇందులో వివాదం లేదు. పేషెంటు నడకలో, నొప్పిలో, తృప్తిలో దాని వల్ల పెద్ద తేడా వచ్చిందని మాత్రం ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో గట్టిగా తేలలేదు.

పప్పు తింటే చీము పడుతుందా

మన వైపు ఆపరేషన్ అయిన మనిషికి పప్పు, వంకాయ, గోంగూర బంద్. చారన్నం, బీరకాయ కూరతో నెల గడిచిపోతుంది. గాయం మానడానికి, కరిగిన తొడ కండ మళ్లీ పుంజుకోవడానికి కావాల్సింది మాంసకృత్తులు. అవి పప్పు, గుడ్డు, చేపల్లో ఉన్నాయి. చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల, పప్పు వల్ల కాదు. పెద్దవాళ్లు ప్రేమతో పెట్టే పథ్యమే కొన్ని ఇళ్లల్లో మనిషిని నీరసపరుస్తోంది. ఇది చూస్తే బాధేస్తుంది.

ఇన్ఫెక్షన్ నిజంగా వచ్చే దారులు వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగర్ ఒకటి. పుచ్చిన పళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఇంకొకటి. డెల్టాలో మరొకటి ఎక్కువ: వరిచేలో, చెరువు నీళ్లలో నాని పగిలిన మడమలు, వేళ్ల సందుల్లో పుండ్లు. అక్కడి నుంచి సూక్ష్మక్రిములు రక్తంలో చేరి లోహం మీద స్థిరపడగలవు, ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా. మొత్తం మీద ఇన్ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే. వచ్చినప్పుడు మాత్రం పరిస్థితిని బట్టి ఇంప్లాంట్ తీసేసి, నెలలు ఆగి మళ్లీ పెట్టాల్సి రావచ్చు.

ఎన్నేళ్లు వస్తుంది, ఎంతవుతుంది

"పదిహేనేళ్లే గ్యారంటీ" అన్న మాట ఇంకా ఊళ్లలో నడుస్తోంది. 2019లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. అరవై అయిదేళ్ల మనిషికి దీని అర్థం, చాలావరకు ఈ మోకాలు జీవితాంతం వస్తుందని. ఈ 82 శాతం లెక్కలో ఉన్నది ఇంప్లాంట్‌ని మళ్లీ మార్చాల్సి వచ్చిందా లేదా అన్నదే, నొప్పి ఉందా లేదా అన్నది కాదు.

ఖర్చు విషయంలో 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ ధరలకి పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్షన్నర దాకా పడుతున్న మామూలు కోబాల్ట్-క్రోమియం రకం గరిష్ఠ ధర జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలైంది. బిల్లులో మిగతాదంతా ఆపరేషన్ థియేటరు, గది, మందులు, సర్జన్ ఫీజు. దాని మీద ఆ పరిమితి లేదు. ఫిజియోథెరపీ, వాకర్, ఎత్తు పెంచిన కమోడ్, రెండు నెలలు కూలి మానుకుని పక్కనుండే కొడుకో కూతురో వదులుకునే సంపాదన ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండవు.